బస్సులో చేపల బకెట్టు

నేను పిసినారినని మా ఇంట్లో అందరూ ఏనాడో ఒప్పేసుకున్నారు. నెల్లూరులో ఒక బట్టల షాపులో బిల్లు కౌంటరు దగ్గర నా ఉద్యోగం. మా పల్లె విడవలూరు అవతల, సముద్రపు ఒడ్డున. ఈ రెండింటి మధ్య అందరికంటే చౌకగా ఎలా తిరగాలన్నది చాలాకాలం నాకొక వ్యసనం. కోవూరులో దిగి వేరే ఆటో ఎక్కితే నాలుగు డబ్బులు మిగులుతాయని ఎవరో అంటే అదీ చేసి చూశాను. మిగిలింది చెప్పుల అరుగుదలకు సరిపోయింది. బస్సు పాసు తీసుకుంటే సెలవు రోజులు దండగ. అన్నీ అయ్యాక తేలిందేమిటంటే, మా ఊరి షేర్ ఆటోనే చౌక.

ఆ ఆటోలో మా అమ్మా, మరో ముగ్గురు ఆడవాళ్ళూ చేపల బుట్టలతో వెనక కూర్చునేవాళ్ళు. పట్నంలో పనులకు పోయే మేం నలుగురు ఆడపిల్లలం ముందు ఇరుక్కునేవాళ్ళం. అంతమంది ఉంటేనే ఆటో అతనికి గిట్టుబాటు, మాకు చౌక.

అంతలో ఆడవాళ్ళకు బస్సు ఉచితమైంది. ఆటో దిగి బస్సెక్కిన మొదటి మనిషిని నేనే. ఆధార్ కార్డు చూపించి, సున్నా టికెట్టు చేతిలో పట్టుకుని, కిటికీ పక్కన రాణిలా కూర్చుని వెళ్ళాను. పోయినదాన్ని నోరు మూసుకుని ఉండకుండా ఊరంతా చెప్పాను కూడా. కొద్దిరోజుల్లోనే మిగతా ముగ్గురూ నా వెనకే వచ్చేశారు.

ఒక సాయంత్రం అమ్మ బుట్ట కడుగుతూ, తల ఎత్తకుండానే చెప్పింది. "ఆటో అబ్బయ్య ఈ వారం చూసి ఆపేస్తాడంట. నాలుగు బుట్టల కోసరం నెల్లూరు దాకా గిట్టదంటా ఉండాడు."

నా ప్రాణం ఉసూరుమంది. బస్సులో చేపలు ఎక్కించుకోరు. ఆటో ఆగిపోతే అమ్మ ఒడ్డునే వ్యాపారికి చేపలు పోసి, అతను చెప్పిన ధరకు తల ఊపి రావాలి. నెల్లూరులో ఆమెకు వాడుక ఇళ్ళున్నాయి. ఎవరింటికి వంజరం కావాలో, ఎవరు కానాగంతలు తప్ప తినరో ఆమెకు కంఠతా వచ్చు. ఒక ఇంట్లో అయితే పులుసులో ఉప్పు చూడమని కూడా పిలుస్తారు. నేను పుట్టకముందు నుంచి నడిచి సంపాదించుకున్న ఇళ్ళు అవి. నా ఉచిత ప్రయాణం వాటికి ఎసరు పెట్టింది.

అప్పుడు నాకొక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. బస్సులో చేపలు వద్దనేది వాసన వల్లే కదా. వాసనే రాకపోతే? బిగువు మూత ఉన్న పెయింటు బకెట్టు ఒకటి సంపాదించాను. చేపలను కవర్లలో చుట్టి, పైన పేపర్లు కుక్కి, మూత బిగించాను. ఆ తర్వాత పరీక్ష. నేను వాసన చూశాను. అప్పుడే చేపల వేట నుంచి వచ్చిన మా అన్న చూశాడు. వల బాగుచేసుకుంటున్న పక్కింటి పెద్దమ్మను కూడా పిలిచి చూపించాను. "యాడమ్మా వాసన, ఏం రాలేదే" అంది ఆమె. మాలో ఒక్కరం కూడా మా ముక్కులను అనుమానించలేదు.

మర్నాడు బస్సులో బకెట్టు సీటు కింద పెట్టి, అమ్మా నేనూ పక్కపక్కన కూర్చున్నాం. విడవలూరు దాటామో లేదో, ముందు సీటులో కాలేజీ అమ్మాయి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కిటికీ అద్దాలు ఒక్కొక్కటీ తెరుచుకున్నాయి. నేను గట్టిగా ఊపిరి పీల్చి చూశాను. డీజిలు వాసన తప్ప ఏమీ లేదు.

కండక్టరు వచ్చాడు. చెడ్డవాడు కాదు, రోజూ నన్ను పలకరించేవాడే. "ఎవురిదమ్మా ఈ బకెట్టు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే అమ్మ లేచి నిలబడింది. "నాదే నాయనా. ఆపు, దిగిపోతా."

అతను నా వైపు చూశాడు. "మీరిద్దరూ ఒకటేనా?"

"కాదు నాయనా" అంది అమ్మ, నా వైపు చూడకుండా. "ఆ పాపెవురో నాకు తెలీదు. ఉద్యోగానికి పోతా ఉండే పిల్ల."

ఆ బస్సులో మా షాపుకు వచ్చే ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్ళ ముందు నా పరువు కాపాడాలని అలా అన్నదని అర్థమయ్యేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. బకెట్టుకు ఒక చెయ్యి వేసి ఆమె వెనకే దిగాను.

"నువ్వెందుకు దిగినావు మే? ఊరికే వస్తా ఉండే బస్సు" అని రోడ్డు మీదే తిట్టింది. నేను బకెట్టును రోడ్డు పక్కకు లాగాను.

కాసేపటికి మిగతా మూడు బుట్టలతో మా ఆటో వచ్చింది. బకెట్టుతో సహా ఎక్కాం. ఆటో అన్న అడగకుండానే చెప్పాడు. "ముందర ఇంకో ఇద్దురన్నా ఎక్కితే నడుపుతా అక్కా. లేకుంటే ఈ వారంతో ఆఖరు."

"రోజూ పొద్దున నేనొస్తా అన్నా. ఇంకొకరిని తీసుకొస్తా. సాయంత్రం బస్సులో పోతాంలే" అన్నాను. ఆ ఇంకొకరిని ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకు వచ్చింది కానీ, ఆటో ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

ఆ రోజు మాత్రం అమ్మ ఒప్పుకోలేదు. "పిచ్చా నీకు? ఊరికే పోయేదానికి దుడ్లు పోసుకుంటావా?" అని నలుగురి ముందూ గదిమింది.

"బస్సులో నేనెవరో తెలీదన్నావు కదమ్మా" అన్నాను. "ఆటోలో అయితే నీ కూతుర్ని."

అమ్మ ముఖం అటు తిప్పుకుంది. కోవూరు వచ్చేసరికి బకెట్టును తన కాళ్ళ దగ్గరికి లాక్కుని, నాకు కాళ్ళు పెట్టుకోను చోటు చేసింది.