ఐదు టవల్ల కొసరు

“...రాసి పెడితే అది కొసరెట్ల అయితాదన్నా? కొసరు ఏసేది సేత్తో. కాగితంతో కాదు.”

“నీ సెయ్యి ఈడ ఏసింది, చెన్నైలో నా మెడకు పడింది” అన్నాడు కాశప్ప. “నేను ఐదునూర్లని రాస్తే పెట్టెల్లో ఐదునూర్ల ఐదు ఉన్నాయంట. రేవులో సరుకు ఆపేసినారు.”

“తక్కువుంటే ఆపల్ల. ఎక్కువుంటే దండం పెట్టి తీసుకోవల్ల.”

“పోయి ఆ కస్టమ్సోళ్లకు సెప్పు.”

“సెప్తాను. ఇంగ్లీషులోనే సెప్తాను” అంది బసమ్మ.

కాశప్ప ఎమ్మిగనూరులో ఇరవై మగ్గాలున్న ఒక చిన్న నేత సంఘానికి కార్యదర్శి. బసమ్మ అక్కడి మడతల గదికి పెద్ద. గోనెగండ్లలో ఏడో తరగతి దాకా చదివి, పద్దెనిమిదో ఏట ఈ ఊరికి కోడలై వచ్చింది. భర్త గోవిందన్న నేస్తాడు, ఆమె మడుస్తుంది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ ఇంట్లో అంతకు మించిన సంభాషణ పెద్దగా అవసరం పడలేదు. టవల్ అంచు మీద బొటనవేలు నడిపి, అది ఎవరి మగ్గం మీద దిగిందో, నేసినవాడు ఆ రోజు ఏ చిరాకులో ఉన్నాడో ఆమె చెబుతుంది.

నూరు టవల్లకు ఒకటి కొసరు వేయడం ఆమెకు అత్త నేర్పింది. కొనేవాడు అడిగి పెట్టించుకుంటే అది బేరం. అడగకముందే మనం వేస్తే కొసరు. వేసినట్టు చెప్పకూడదు, ఎక్కడా రాయకూడదు. ఇంటికి పోయి మూట విప్పుకున్నవాడు తనంతట తానే చూసుకుని, మళ్లీ మన దగ్గరికే రావాలి.

నిరుడు డెన్మార్కులోని ఒక దుకాణం నుంచి టవల్లు కావాలని అడిగినప్పుడు ఆమెకు ఒక చిక్కు వచ్చింది. పెట్టె మూసేది తను. దాని మీద అతికించే కాగితంలో ఏముందో మాత్రం తనకు తెలియదు. కాశప్పను అడిగితే “అంతా ఇంగ్లీషులే” అన్నాడు. ఆయనకు తెలిసింది కూడా అంతేనని ఆమెకు తరువాత అర్థమైంది. ఇంటర్నెట్‌లో దొరికిన ఎవరిదో కాగితంలో పేర్లు మార్చి ఆయన పని నడుపుతున్నాడు.

అందుకని ప్రతి ఆదివారం ఆదోని బస్సెక్కింది. అక్కడ ఒక మొబైల్ దుకాణం పైన దీపశ్రీ అనే అమ్మాయి నడిపే కంప్యూటర్ సెంటరు. ఎగుమతి వ్యాపారానికి ఇంగ్లీషు, మూడు నెలల్లో, అని బోర్డు. పన్నెండుమంది డిగ్రీ పిల్లలు, పదమూడో మనిషి బసమ్మ. దీపశ్రీది మంత్రాలయం దగ్గర గుడి సేవలో ఉన్న కుటుంబం. తాత తనకు స్తోత్రాలు నేర్పినట్టే ఆమె వ్యాపార పదాలు నేర్పుతుంది. తాను ఒకసారి అంటుంది, క్లాసు రెండుసార్లు అనాలి. కన్‌సైన్‌మెంట్ అన్న మాట ఆ గదిలో వింటే కొబ్బరికాయ కొట్టాలనిపిస్తుంది.

బసమ్మ మాటలను తెలుగు అక్షరాల్లో అట్టముక్కల మీద రాసి మడతల గది గోడకు అతికించింది. “బసమ్మక్కా, ఈ పొద్దు ఏమి కూర, ఇన్‌వాయిసా?” అని తోటి ఆడవాళ్లు అడిగేవాళ్లు. “షిప్‌మెంటూ పప్పూ” అనేది. కంప్యూటర్ మీద ఆమెకు మొదట నమ్మకం లేదు. “ఎంటర్ నొక్కితే పోతాది. పోయినాక రమ్మన్నా రాదు. పెండ్లి మాదిరి” అని దీపశ్రీతో అంది. ఉత్తరం చివర యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ అని రాయాలంటే, “ముఖం కూడా సూడనోనికి నేనెందుకు మేడం విశ్వాసంగా ఉండల్ల?” అని అడిగింది. దీపశ్రీ నవ్వింది. ఆ మాట రాయించింది మాత్రం.

ఇప్పుడు, సరుకును ఓడెక్కించే చెన్నై ఏజెంటు పంపిన మెయిల్ కాశప్ప కంప్యూటర్‌లో ఉంది. పెట్టెల్లో ఐదు ఎక్కువ ఎందుకున్నాయో గురువారం సాయంత్రం లోపల రాసి పంపాలి. లేకపోతే శనివారం ఓడ వెళ్లిపోతుంది. తరువాతి ఓడ మూడు వారాలకు. అన్ని రోజులు ఆగలేమని డెన్మార్కు దుకాణం ముందే చెప్పింది.

కాశప్ప అప్పటికే జవాబు రాసి ఉన్నాడు. బసమ్మ ఆయన భుజం మీదుగా వంగి, ఒక్కొక్క మాట కూడబలుక్కుంటూ చదివింది.

“ప్యాకింగ్ లేడీ... డిడ్... కౌంటింగ్ మిస్టేక్. షీ ఈజ్... రిమూవ్డ్.” ఆ చివరి మాట మీద వేలు పెట్టింది. “ఎవర్ని తీసేసినావన్నా?”

కాశప్ప గొంతు సవరించుకున్నాడు. “కాగితం మీదనే కదమ్మా.”

“కాగితం మీద తీసేసినోళ్లు ఈడ మడత పెడతాంటే, అదీ ఎక్కువే అయితాది కదా. మళ్లీ ఆపుతారు.”

“ఇంకేం రాయమంటావు? నీకు లెక్క రాలేదనల్ల, లేకుంటే మనం దొంగసరుకు పంపినామనల్ల.”

“రేపు సాయంత్రం దాకా పంపొద్దు” అని ఆమె చెప్పులేసుకుంది. సంఘం మెయిల్ పాస్‌వర్డ్ అడగాల్సిన పని లేదు. అది గోడ మీది క్యాలెండర్‌లో పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది.

ఆ రోజు బుధవారం, ఆదోని సెంటరులో క్లాసు లేదు. దీపశ్రీ విషయమంతా విని, “ఇన్‌అడ్వర్టెంట్ అని రాద్దాం ఆంటీ” అంది.

“అంటే?”

“తెలియకుండా జరిగిందని.”

“తెలిసే ఏసినాను.”

“పోనీ శాంపిల్స్ అందాం. నో కమర్షియల్ వాల్యూ. అంటే, వ్యాపారపరంగా విలువ లేనివి.”

“మా ఆయన నడుం పడిపోయేటట్ల నేసినాడు మేడం. ఆ మాట ఆయన ముందర సెప్పండి పోయి.”

దీపశ్రీ పుస్తకం మూసింది. “సరే. మీరే చెప్పండి. నేను తప్పులు దిద్దుతాను.”

బసమ్మ ఒక వేలితో కొట్టింది. గంటంబావు పట్టింది. ఫైవ్ టవల్స్ ఎక్స్‌ట్రా. వుయ్ పుట్ నోయింగ్లీ. ఇన్ అవర్ ప్లేస్, ఫర్ హండ్రెడ్ వుయ్ గివ్ వన్ మోర్, ఫ్రీ. వుయ్ డిడ్ నాట్ రైట్. నౌ వుయ్ రైట్. నోయింగ్లీ అన్న మాటను దీపశ్రీ రెండుసార్లు తీసేసింది, బసమ్మ రెండుసార్లు మళ్లీ పెట్టింది. కొత్త ప్యాకింగ్ లిస్టు తయారు చేశారు. మొదటి వరుసలో ఐదు వందలు. రెండో వరుసలో ఐదు, ఉచితం. అత్త చూస్తే ఏమనేదో అనుకుంటూ బసమ్మ ఆ రెండో వరుసను చాలాసేపు చూసింది. చివర యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ అని తానే పెట్టి, ఎంటర్ నొక్కింది.

మరుసటి రోజు మధ్యాహ్నం ఏజెంటు జవాబు వచ్చింది. కాశప్ప కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని, చివరికి “సదువు” అన్నాడు.

“కొత్త కాగితాలకు ఒప్పుకున్నారంట. శనివారం ఓడకు పోతాదంట” అంది బసమ్మ. “ఇంకమీద ఏదున్నా పెట్టెలు మూయకముందే రాయమన్నాడు.”

కాశప్ప కుర్చీలో వెనక్కి వాలాడు. “ఇంగ ఈ కొసర్లు వద్దులేమ్మా. రాసేది నేను కదా, నాకు కష్టం.”

బసమ్మ మడతల గదిలోకి పోయింది. గోడ మీది అట్టముక్కలన్నీ ఊడదీసి, తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది.

“సోమారం నుంచి కాగితాలు నేను రాస్తాను. నువ్వు మడతల గదికి రా అన్నా.”