బోణీకి పనికిరాని చెయ్యి

ఈ ఉదయం ఆకుకూరలావిడ గుమ్మంలో తట్ట దించి, "అమ్మా, నీ సెయ్యి మంచిది, బోణీ సెయ్యి" అంటే నాకు నవ్వాగలేదు. మా వీధిలోనే ఒకాయన చెయ్యి బోణీకి మంచిది కాదని అందరూ నమ్మడానికి కారణం మా పెద్దమ్మ, కొంచెం నేను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు చల్లగా ఉంటుంది.

పెద్దమ్మ పూడిమడక నుంచి తొలి బస్సుకి చేపల తట్టతో మా అనకాపల్లి వచ్చేది. ఆసుపత్రి రోజుల్లో వెనకాలే పెదనాన్న. సముద్రం మీద వలలు లాగిన మనిషి కిడ్నీలు పాడై, అలాంటి రోగులకి ప్రభుత్వం ఇచ్చే పింఛను మీద బతుకుతున్నాడు. ఆయన్ని ఆసుపత్రిలో డయాలసిస్‌కి పడుకోబెట్టి, ఆవిడ మా వీధుల్లో చేపలమ్ముకుని, మధ్యాహ్నం చెయ్యి పట్టుకుని తీసుకుపోయేది. బస్సులో ముక్కు మూసుకునేవాళ్ళతో "తినేటప్పుడు ముయ్యరేటి?" అని దెబ్బలాడడం కూడా ఆవిడ దినచర్యలో భాగమే. డయాలసిస్ కార్డు మీద ఉచితం, రక్తం పట్టే ఇంజక్షన్లు మాత్రం బయట కొనుక్కోవాలి. పింఛను తిండికీ బస్సుకీ కూడా చాలేది కాదు. ఊళ్ళో ఒక ధర్మసంస్థ ఆ ఇంజక్షన్ల ఖర్చు భరిస్తుంది, ఆసుపత్రి డెస్కు దగ్గరి గుమాస్తా బాబు సంతకం పెడితే చాలు. ఆ బాబు మా ఎదురింటాయనే.

"పింఛనొత్తంది కదా, మళ్ళీ ఇదేటి? అన్నీ మీ ఒక్క ఇంటికే దోసి పెడతారేటి?" అన్నాడట పెద్దమ్మతో, నలుగురి ముందూ. పింఛనున్నవాళ్ళకి ఇవ్వకూడదని ఆ సంస్థవాళ్ళు ఎన్నడూ అనలేదు. ఎదురింటి మనిషిని కదా అని నేనూ వెళ్ళి అడిగాను. గోళ్ళు కత్తిరించుకుంటూ, తలెత్తకుండా, "మీకు రూల్స్ తెలీవండి" అన్నాడు. చూస్తుండగానే పెదనాన్న ముఖం పాలిపోయింది. బస్సు మెట్టు ఎక్కించడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చేది. ఆయన ఒగర్పు విన్నప్పుడల్లా నాకు ఆ బాబు పీక పిసకాలనిపించేది.

పెద్దమ్మ అంత శ్రమ పడలేదు. ఒక ఉదయం బాబు భార్య ఎప్పటిలాగే పిలిస్తే, వీధి మధ్యలో నిలబడి, "మీ బోణీ నాకొద్దమ్మా! మీ ఇంటాయన సెయ్యి మాకు అచ్చిరాలేదు" అని చివరింటికి కూడా వినబడేలా అంది. పొద్దుటి బేరం మీద బతికేవాళ్ళకి ఇంతకంటే భయపెట్టే మాట లేదు. మిగతా చేపలవాళ్ళూ, ఆకుకూరలావిడా, పెరుగమ్మే ఆవిడా, పువ్వులావిడా, ఇడ్లీబండి అతనూ "బోణీ అయ్యేక వత్తానమ్మా" అంటూ ఆ గుమ్మం దాటిపోవడం మొదలెట్టారు. వాళ్ళు తిరిగొచ్చేసరికి మిగిలేవి పొట్టలు పగిలిన చేపలూ, వడిలిన తోటకూరా. ఆయన తొలిబేరంగా ఎక్కిన ఆటోకి పంక్చరైందని నేనూ ప్రచారం చేశాను. పంక్చరైన మాట నిజమే, టైరుకి మేకు గుచ్చుకున్న సంగతి మాత్రం చెప్పలేదు. చెప్పాలని ఇప్పటికీ అనిపించడం లేదు.

కొత్తల్లుడు వచ్చిన రోజు బాబు లుంగీతోనే పెద్దమ్మకి ఎదురొచ్చాడు. "సంతకం పెట్టేసేను, ఇదిగో. ఆ వంజరం ఇలాగియ్యి, అల్లుడొచ్చేడు" అన్నాడు.

పెద్దమ్మ కాగితం రొంటిన దోపుకుని తట్ట నెత్తికెత్తుకుంది. "సంతకం నీ ఉజ్జోగం బాబూ. సేప నా ఇట్టం" అని, ఆ వంజరాన్ని ఆయన చూస్తుండగానే పక్కింట్లో అమ్మేసింది. అల్లుడు పప్పుచారుతో సరిపెట్టుకున్నాడని తెలిసి, నేనా పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఇంజక్షన్లు వచ్చాయి. పెదనాన్న కాస్త తేరుకున్నాడు కూడా. కానీ అవి లేని ఆ నెలల్లోనే గుండె బాగా దెబ్బతిందన్నారు డాక్టరు. పోయిన వానాకాలంలో వెళ్ళిపోయాడు. దినకార్యాలయ్యాక బాబు మా గుమ్మంలోకి వచ్చి, "అయిందేదో అయిపోయింది, మీ పెద్దమ్మని మర్చిపొమ్మనండి. అన్నిటికీ కాలమే మందు" అన్నాడు. నేను తలుపేసుకున్నాను. కాలమే మందైతే, సంతకం కోసం ఆయన బల్ల ముందు అంత కాలం కూర్చున్న మా పెదనాన్న ఈపాటికి లేచి పడవెక్కి ఉండాలి.