ఇంటికో గోలి

బాలనర్సింహ లెక్కలో లోకంలో రోగాలు రెండే. ఒకటి విటమిన్లు తక్కువవడం. రెండోది ఆ సంగతి తెలియకపోవడం. ఎవరికి దగ్గొచ్చినా, ఎవరి కోడలు అలిగినా ఆయన వైద్యం ఒకటే: "జర ఒక గోలి ఏస్కో."

హైదరాబాదు చుట్టూ ఊళ్లకు ఊళ్లు అపార్ట్‌మెంట్లవుతున్న రోజులవి. రావిర్యాలలో పొలం పోయాక ఆయన ఇబ్రహీంపట్నంలో ఫ్లాటు కొనుక్కున్నాడు. ఎదురు ఫ్లాటు తాయారుది. ఆమెది కొవ్వూరు. భర్త గోపాలరావు పొద్దున్నే ఉద్యోగానికి వెళితే చీకటి పడ్డాకే రాక. కొవ్వూరులో అయితే ఈపాటికి పిట్టగోడ మీంచి నలుగురు పలకరించేవారని రోజూ అనుకునేది.

అంతలో తలుపు టకటకలాడేది.

"తాయారమ్మా, డి విటమిన్ తెచ్చిన."

"నిన్ననే ఇచ్చారు కదండీ అన్నయ్యగారూ!"

"నిన్నటిది నిన్ననే అరిగిపాయె. నేనేస్కుంట, నువ్వు గూడ ఏస్కో."

ఆయన గుటుక్కున మింగేవాడు. ఆమె మింగినట్టు నటించి, ఆయన అటు తిరగ్గానే బిళ్లని కరివేపాకు కుండీలో పాతేసేది. తర్వాత పక్కిల్లు, ఆపైన పై అంతస్తు. ప్రతి గడపలోనూ తోడుగా తానొకటి. జనం తలా ఒకటి తింటే, ఆయనొక్కడూ బిల్డింగంతా తిన్నాడు.

కొన్నాళ్లకు ఆకలి చచ్చింది. ఎంత తాగినా దాహం తీరదు, తిన్నది కడుపులో నిలవదు. నీరసమనుకుని ఇంకో గోలి పెంచాడు. ఓ పొద్దున ఆయన భార్య శంకరమ్మ కేక విని తాయారు పరుగెత్తింది. సోలిపోయిన ఆయన్ని ఇద్దరూ కలిసి దవాఖానకు తీసుకెళ్లారు.

"డి విటమిన్ మోతాదు మించి రక్తంలో కాల్షియం పెరిగింది," అన్నాడు డాక్టరు. "ఇంకొన్నాళ్లయితే కిడ్నీలు పోయేవి."

"బలానికని తిన్న సారూ."

"ఆ బలమే రోగమైంది."

గోలీలు బందయ్యాయి. ఆయన ఇల్లు చేరినా తాయారు తలుపు టకటకలాడలేదు. రోజూ ఆ వేళకి ఆమె చెవులు గుమ్మం వైపే లాగేవి. ఒక్కనాడూ మింగని బిళ్ల మీద ఇంత బెంగేమిటో ఆమెకే అర్థం కాలేదు. చివరికి తనే వెళ్లింది.

"ఇంటింటా మింగడమేమిటండీ, చోద్యం కాకపోతే!"

బాలనర్సింహ ఆమెకు కుర్చీ జరిపాడు.

"మా ఊర్ల ఉత్తగనే ఒకరింటికి ఒకరం పోతుంటిమి. ఈడ ఉత్తగ తలుపు కొడ్తె 'ఏం పని?' అంటరు. చేతిల గోలి ఉంటె జరసేపు నిలవడి మాట్లాడ్తరు. మీ ఆయన పోంగనే నువ్వు కిటికీకాడ నిలవడి చూస్తుంటవ్. గందుకే నీ తలుపే ముందుగాల కొడ్తుంటి."

తాయారు పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది. "రేపట్నుంచి ఉత్తినే కొట్టండి. ఏం పనని అడిగితే ఒట్టు!"

మర్నాడు తలుపు చప్పుడైంది. ఆయన ఉత్త చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గుమ్మంలో తచ్చాడాడు. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"ఏం కూర, తాయారమ్మా?"

"వంకాయండీ. ఇంకా ఉడకలేదు."

"ఫికర్ లేదు. ఉడికేదాంక కూసుంట."