కట్టు కట్టే మందు

మా వైపు రేడియేషన్ అనరు, కరెంటు పెట్టడం అంటారు. తెలంగాణ వచ్చిన కొత్తలో అమ్మకు గొంతులో గడ్డ లేచింది. నకిరేకల్ దగ్గరి మా ఊరి నుంచి రోజూ తిరగలేక, పట్నంలో దవాఖాన పక్కన ఒక గది కిరాయికి తీసుకున్నాం. అమ్మ, బాపు, నేను.

కరెంటు పెట్టిన మొదట్లో బాగానే ఉంది. తర్వాత నోరంతా పూసింది. గంజి కూడా దిగేది కాదు. ఉమ్మి మింగాలన్నా కళ్ల వెంట నీళ్లు కారేవి. ఇంకా సగం కరెంటు మిగిలే ఉంది. మధ్యలో ఆపితే గడ్డ మళ్లీ లేస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. అమ్మేమో "నాతోని కాదు బిడ్డా, ఇంటికి తోల్కపోండ్రి" అనేది.

ఈ మంటకు మందే లేదా అని డాక్టరమ్మను అడిగాను. పుక్కిలించడానికొకటి, నొప్పికొకటి రాసిచ్చింది.

"గడ్డ కాలాలి, చుట్టూ ఉన్న మంచి కండ కాలకూడదు. అట్లా కాపాడే మందుల మీద పరీక్షలు జరుగుతున్నాయమ్మా. ఇప్పుడున్న వాటిలో మీ అమ్మకు పనికొచ్చేది లేదు" అంది.

నాకు సరిగా ఎక్కలేదు గానీ బాపుకు ఎక్కింది. మాది చిటికి కట్టే ఇల్లు. నూలును అక్కడక్కడా గట్టిగా కట్టి రంగులో ముంచితే, కట్టిన చోట రంగు అంటదు. చీర మీద పువ్వు అట్లా వస్తుంది.

"గదే గదా మనం చేసేది. రంగు తాకొద్దన్న కాడ కట్టు కడ్తం" అన్నాడు.

ఆదివారం ఊరికి పోయి, నూలుకు కట్టే సైకిల్ ట్యూబు పట్టీలు తెచ్చాడు. వాటిని మెత్తటి గుడ్డ మీద వరుసగా కుట్టాడు. దవాఖాన వాళ్లు అమ్మ మెడ మీద గీసిన ఊదా గీతల మధ్య జాగా మాత్రం వదిలి, మెడపట్టీ తయారుచేశాడు. అమ్మ నవ్వబోయి నొప్పికి ఆగిపోయింది. అయినా సోమవారం కట్టుకునే వచ్చింది.

మిషన్ దగ్గరి మనిషి తిట్టలేదు. పట్టీ విప్పి, మడిచి, బాపు చేతిలో పెట్టాడు.

"కరెంటు రబ్బరుకు ఆగదు పెద్దాయనా."

బాపు దాన్ని పట్టుకుని బల్ల మీద కూచున్నాడు. ఇంత పెద్ద మిషన్ చేసినవాళ్లకు మెతుకు మింగనిచ్చే మందు చేయరాలేదా అని నాకు ఒళ్లు మండింది.

ఆ వారమే అమ్మ మొండికేసింది. బతిమాలాం, కోప్పడ్డాం, చివరికి ఇంటికి తెచ్చేశాం. నోరు మానింది. కొన్నాళ్లు పప్పన్నం తిన్నది, మగ్గం పక్కన కూచుని కండెలు చుట్టింది. అంతలో గడ్డ మళ్లీ లేచింది. అమ్మ ఆ వానాకాలం దాటలేదు. ఆ పప్పన్నం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఫోన్లో మంచి కండను కాపాడే ఆ మందుల వార్త కనబడితే వదలకుండా చదువుతాను. అణు ప్రమాదాల్లో చిక్కిన వాళ్లకు ఇవ్వొచ్చట, కేన్సర్ వాళ్లకూ పనికి రావచ్చట. ఆ "వచ్చు"లంటే నాకు చిరాకు.

చూపు మందగించి బాపు చిటికి కట్టడం మానేశాడు. మొన్న అడిగాడు, "గా మందు వచ్చిందా బిడ్డా?"

"ఇంకా రాలే బాపూ. ఎలుకల మీద చూస్తుండ్రట. మంచిగనే పనిచేస్తాందట."



"అయితే ఎలుకలకైనా మింగుడు పడ్తాందన్నట్టు" అన్నాడు.