బాన కడుపు మీంచి వచ్చిన గుమ్మి

గింజలు దాచుకునే కాగితపు గుమ్మి మాట వస్తే మా ఊరివాళ్లు ఇప్పటికీ నా వైపే చూస్తారు. ఆ తెలివి నాదని వాళ్ల నమ్మకం. మొన్నమొన్నటి దాకా నేను కాదనలేదు. కాదనకపోవడం వల్ల ఒక మనిషికి రావలసిన పేరు రాలేదు. ఆ మనిషి మా వదిన.

అవి యుద్ధం రోజులు. మాది గద్వాలకూ గట్టుకూ నడుమ, వాననే నమ్ముకున్న ఊరు. ఆ ఏడు అంగడిలో కొత్త గోనెసంచి దొరకలేదు. పాతవి ఎలుకలు కొరికి జల్లెడ చేశాయి. విత్తనానికి ఉంచిన పల్లికాయను తొలకరి దాకా ఎందులో దాచాలా అని ఇంట్లో దిగులు పడుతుంటే, పెళ్లై ఏడాది కూడా కాని వదిన నోరు విప్పింది. ఆమె పుట్టిల్లు గద్వాలలో సాలెవాళ్ల వీధి పక్కన. అక్కడి ఆడవాళ్లు చిత్తు కాగితాలు నానబెట్టి, దంచి, నూలుకండెలు వేసుకునే బుట్టలు చేస్తారట.

"బుట్ట అయినప్పుడు గుమ్మి ఎందుకు గాదు అత్తమ్మా?" అంది.

"కాగితంల పల్లికాయ దాస్తవా? నలుగురు వింటే నవ్వుతరు," అంది అమ్మ. "ఇత్తనం చెడిందనుకో, ఇగ ఈ ఇంట్ల నీ మాట ఎవరూ వినరు."

"చెడితే వినకుండ్రి."

ఆ జవాబు నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. అప్పుడు నాకు ఇరవై దాటాయి. మరునాటి నుంచి నేను ఆమెకు బంటును. మా పెంటకుప్ప మీదికి బూడిద తప్ప ఏదీ పోకుండా ఇద్దరం కాపలా కాశాం. చింతపండు పిసికాక గింజలు ఉంచు. గుడ్డపేలిక పారేయకు, చీల్చి పెట్టు. బెల్లం కట్టిన కాగితం చీమలకు వదిలి, అవి నాకేశాక తీసి దాచు. అన్న బండి కట్టుకుని గద్వాలకు పోయినప్పుడల్లా పట్టు అంగళ్ల ముందు పడి ఉన్న కాగితాలు, మగ్గాల కింది తెగిన పోగులు మూటకట్టి తెచ్చేవాడు. ఆ మూట విప్పుతుంటే నాకు జాతర సామాను విప్పినంత సంబరం. ఎర్ర పోగు, పచ్చ పోగు, ఎక్కడో ఒక జరీ తునక.

"ఓ మరిదీ, జరీ చూసి మురిసింది చాలు. రోకలి పట్టు," అనేది వదిన.

కుడితి తొట్టిలో కాగితం కుళ్లేదాకా నానింది. మెంతులు నానబెట్టి రుబ్బాం. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, పిండి చేసి అంబలి కాచాం. వేపాకు నూరాం. అన్నీ కలిపి రోట్లో దంచుతుంటే లేచిన వాసనకు పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి తొంగిచూసింది.

"ఏం వండుతుండ్రే?"

"గుమ్మి, పెద్దమ్మా. ఉడికినంక నీకు గూడ పంపుతం," అంది వదిన.

అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న నీళ్ల బాన ఎండలో బోర్లించి, బూడిద పూసి, మెత్తటి ముద్దను, పైకి వచ్చిన అడుగు నుంచి కిందికి మెత్తడం మొదలుపెట్టాం. బాన నడుము దగ్గర వదిన ఆపింది. "ఈడిదాక చాలు," అని చెప్పి చేనికి పోయింది. ఇంకా బోలెడు ముద్ద మిగిలింది. పారేయడం మా ఇద్దరికీ పాపం కదా. గుమ్మి పెద్దదైతే ఇంకాస్త పల్లికాయ పడుతుందని, నడుము దాటి మెడ దాకా మెత్తేశాను. వదిన వచ్చేసరికి చేతులు కడుక్కుని, మెచ్చుకుంటుందని ఎదురుచూస్తూ నిలబడ్డాను.

ఆమె చుట్టూ తిరిగి చూసింది. తడిగా ఉన్న అంచును గీకబోతే పైదాకా చీలిక పారింది. వెంటనే చేయి తీసి, ఆ చీలికను వేళ్లతో పూడ్చింది.

"ఇది ఎండినంక ఎట్ల తీస్తవు? బాన నడుము లావు, మెడ సన్నం. అంగీ విప్పినట్ల వస్తదా?"

అప్పుడు అర్థమైంది నాకు. ఎండాక గుమ్మిని చీల్చాలి, లేదా బానను పగలగొట్టాలి. వదిన బాననే పగలగొట్టింది. ఎండాక మూతి పైకి తిప్పి, లోపలికి రోకలి దించి మెల్లగా తడుతూ, ఒక్కొక్క పెంకూ మూతిలోంచి తీసింది. నేను ఊపిరి బిగబట్టి గుమ్మిని పట్టుకున్నాను. ఆఖరి పెంకు వచ్చి, చేతుల్లో సొరకాయ బుర్రంత తేలికగా అది నిలబడితే, ఇద్దరం గంతు వేయడమొక్కటే తక్కువ. మీటితే డప్పులా మోగింది.

అమ్మ వచ్చి పెంకులు చూసింది. "నా తల్లిగారి బాన," అంది. కోడలివైపు తిరిగింది. వదిన నావైపు చూసింది. నేను పెంకులు ఏరుతున్నట్టు వంగాను.

తొలకరికి గుమ్మి తెరిచాం. పల్లికాయ గలగలలాడింది. పురుగు లేదు, బూజు లేదు. ఊరంతా వచ్చి చేయి పెట్టి చూసింది. అందరికీ నచ్చింది ఆ సన్నటి మూతే. చిన్న మూకుడు మూసి పేడమట్టి మెత్తితే చాలు, ఎలుకకు సందు లేదు. "మూతి ఎవరి ఆలోచన?" అని అడిగితే, "నాదే," అన్నాను. అది అబద్ధం కాదు. కానీ ఒకే పనిలో మెప్పు నాకు వచ్చింది, నింద వదినకు పోయింది. బాన పగలగొట్టిన కోడలన్న మాట అమ్మ నోట చాలా ఏళ్లు ఉండిపోయింది. విత్తనం నిలిచినా వదిన మాట ఆ ఇంట్లో నిలవలేదు.

మొన్నటి ఎండాకాలం బీచుపల్లి దిక్కు నుంచి కొందరు ఆడవాళ్లు గుమ్మి నేర్చుకుందామని వచ్చి నన్ను అడిగారు. అమ్మ అరుగు మీదే ఉంది. వదిన చింతపండు గింజలు తీస్తోంది.

"నన్ను కాదు, ఆమెను అడుగుండ్రి," అన్నాను. "గుమ్మి ఆమెది. నడుము దాటి మెత్తి బాన పోగొట్టింది నేను."

అమ్మ నావైపు తిరిగింది. "గిన్నేండ్లు నాతోని దాన్ని అనిపిచ్చినవా?" అంది. తర్వాత కాస్త పక్కకు జరిగి, అరుగు మీద తన పక్కన చోటు చూపించింది. "కోడలా, ఇట్ల వచ్చి కూసో. ఈళ్లకు నువ్వు చెప్పు, నేను గూడ వింట."

వదిన చేతులు దులుపుకుని వచ్చి కూర్చుని, "మీ ఇంట్ల కుడితి తొట్టి ఎంత పెద్దదక్కా?" అని ముందున్నామెను అడిగింది.