శీను కెమెరాలో నేను మార్చిన సెట్టింగు

ఐదేళ్లుగా ఒక చిన్న బటన్ నా గుండెల మీద కూర్చుని ఉంది. మా ఆయనకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

శీను నా మరిది. భవానీపురంలో మాతోనే ఉంటాడు. అప్పుడే డిజిటల్ కెమెరా కొనుక్కుని పెళ్లి ఫొటోలు తీయడం మొదలుపెడుతున్నాడు. "'రా' ఫైలంటే బియ్యం వదినా, కావలసినట్టు వండుకోవచ్చు. 'జేపెగ్' అంటే వండేసిన అన్నం. చోటు తక్కువ పడుతుంది గానీ, మళ్లీ బియ్యం కాదు" అని నాకు నేర్పింది వాడే. అంత శ్రద్ధగా నేర్పినవాడి ముందు, తెలియదని ఎలా అనగలిగాను?

పాప నెలలు నిండకుండా పుట్టింది. దాని ప్రతి కదలికా దాచుకోకపోతే ఎక్కడ చేజారిపోతుందోనని నాకు ఒకటే భయం. ఆ రోజు మొదటిసారి బోర్లాపడింది. శీను ఇంట్లో లేడు, వాడి కెమెరా తీశాను. కార్డులో ఇరవై ఫొటోలకే చోటుంది. 'రా' తీసేసి, అన్నిటికన్నా చిన్న జేపెగ్ పెట్టాను. వందకి పైగా తీశాను. కంప్యూటర్లోకి ఎక్కించుకుని కార్డు ఖాళీ చేశాను. సెట్టింగు మాత్రం వెనక్కి మార్చలేదు. మర్చిపోయాను.

మర్నాడే శీను ఒప్పుకున్న మొదటి పెళ్లి. ఆటోనగర్ వాళ్లది. గాభరాలో వాడు సెట్టింగు చూసుకోలేదు. గోడకి పెట్టుకునేందుకు పెద్దది వేయిస్తే, పెళ్లికూతురి మొహం గళ్లు గళ్లుగా వచ్చింది.

"మీరేమైనా నొక్కారా వదినా?"

"నేనా? ఆ బటన్లు నాకేం తెలుసు శీనూ?"

నవ్వేశాడు. "అవున్లెండి, టీవీలో సౌండు తగ్గించమంటే ఛానల్ మార్చేస్తారు మీరు. నా మతిమరుపే."

నేనూ నవ్వాను. మార్చడం తప్పా, ఆ నవ్వు తప్పా? మర్చిపోవడం ఎవరికైనా జరుగుతుంది. నవ్వింది మాత్రం తెలిసే.

వాడు మళ్లీ పెళ్లి ఫొటోలు ఒప్పుకోలేదు. స్పేర్ పార్టుల షాపులో చేరాడు. పాప బోర్లాపడిన ఫొటోలు చీరల కింద సీడీలో ఉన్నాయి. చూపిస్తే నేను తీసినవని తెలిసిపోతుంది. అందుకే పాప అడిగితే లేవంటాను.

మొన్న పాప పుట్టినరోజుకి శీను ఆ కెమెరా తీశాడు. సెట్టింగు మూడుసార్లు చూసుకున్నాడు. అయినా నా దగ్గరికి తెచ్చాడు. "ఒకసారి మీరూ చూడండి వదినా. నా మీద నాకు నమ్మకం లేదు."

చూశాను. బాగానే ఉందన్నాను.

వాడి ముందు ఎప్పటికైనా అనగలనో లేదో. కనీసం ఇక్కడ రాస్తున్నాను. నొక్కింది నేనే శీనూ. నీకు మతిమరుపు లేదు.