పేతురు మునిగిపోలేదు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, సాక్ష్యం చెప్పమని పాస్టరు అయ్యగారు అడిగిన ప్రతిసారీ వెనక వరసలో తల దించుకుని కూర్చున్నదాన్ని నేను, ఎందుకంటే అంతా బాగైపోయిందని చెప్పుకునే భాగ్యం నాకు ఈరోజుకీ లేదు, అయినా ఆయన చేసిన మేలును దాచుకోలేక నిలబడ్డాను.

మాది అల్లూరు దగ్గర పల్లె, మా ఆయన రొయ్యల గుంటల మీద పని చేస్తాడు. ఆమధ్య వచ్చిన పెద్ద తుఫానులో నీళ్లు గుంటల మీదికి పొంగి ఆయన షెడ్డు పైన చిక్కుకుపోయాడు, మరునాడు పడవలో తీసుకొచ్చారు, ప్రాణాలతో వచ్చాడని స్తుతించాం, కానీ మా ఎనిమిదేళ్ల పాప కెజియా మనసు మాత్రం ఆ నీళ్లలోంచి బయటికి రాలేదు! పొద్దున లేస్తే కడుపునొప్పి, బడి బస్సు హారన్ వింటే వాంతి, అరచేతుల నిండా చెమట, కాస్త గాలి వీస్తే చాలు "నాయన వచ్చినాడా మా?" అని వాకిట్లోకి పరుగు. నెల్లూరు తీసుకెళ్లి స్కాన్ తీయించాం, ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోతే నా బిడ్డ ఎందుకిలా ఎండిపోతోంది తండ్రీ అని ఆసుపత్రి మెట్ల మీదే కూలబడ్డాను.

బడి ఎగ్గొట్టడానికి నాటకం అన్నారు కొందరు, దయ్యం అన్నారు కొందరు. ఉపవాస కూటానికి వచ్చిన ఒక బోధకుడు కెజియా నెత్తిన చెయ్యి పెట్టి మైకులో "పో, పో" అని గద్దిస్తుంటే నా బిడ్డ గజగజ వణికి గౌను తడుపుకుంది, ఆనాటి నుంచి మాటే తగ్గిపోయింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ భయపడకు, విశ్వాసముంచు అనేవాళ్లు, మేమూ అదే అనేవాళ్లం, అన్నకొద్దీ అది ఇంకా ముడుచుకుపోయేది. పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను, "ప్రభువా, దాన్నన్నా తీసుకో, నన్నన్నా తీసుకో, ఆ బెదురు చూపు నేను చూడలేను" అని నోరు జారి అడిగాను కూడా. 

అప్పుడొచ్చింది అయ్యగారి భార్య, మనందరి అమ్మగారు. గట్టిగా ప్రార్థన చేయలేదు, తలుపు మూల నక్కిన బిడ్డ పక్కన నేల మీద కూర్చుని, "ఏమవుతుందని నీ భయం బంగారూ?" అని మాత్రం అడిగింది. అప్పుడు కెజియా నోరు విప్పింది, "నేను భయపడితే నాయన మునిగిపోతాడు" అని! యేసయ్య పిలిస్తే నీళ్ల మీద నడిచిన పేతురు, గాలికి భయపడ్డాడు కాబట్టే మునిగాడని సండే స్కూల్లో విన్నదట. అయ్యో దేవా, మేం భయపడకు అన్న ప్రతిసారీ వాళ్ల నాయన ప్రాణాన్ని తెచ్చి ఆ పసిగుండె మీద పెట్టామన్నమాట!

అమ్మగారు దాని చెమట చెయ్యి తన చేతిలోకి తీసుకుని, "పేతురు మునిగిపోలేదు గదమ్మా, కేక పెట్టినాడు. యేసయ్య ఆయన భయం పోయినాక చెయ్యి పట్టుకున్నాడా, భయంగా ఉన్నప్పుడే పట్టుకున్నాడా?" అంది. బిడ్డ ఆలోచించింది. "భయంగా ఉన్నప్పుడే" అంది.

తర్వాత అమ్మగారే మమ్మల్ని నెల్లూరులో పిల్లల మనసు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. అలా వెళ్లడం విశ్వాసం లేకపోవడమే అన్నవాళ్లున్నారు, ఆ డాక్టరమ్మను ఉంచింది కూడా ఆయనేనని నేనంటాను. కడుపునొప్పి అబద్ధం కాదు, భయమే అలా వస్తుంది, ఏం లేదని కొట్టిపారేయకుండా వినండి, మెల్లగా ఊపిరి వదలడం నేర్పండి, మొదట బడి గేటు దాకా, ఆ తర్వాత ఒక్క క్లాసు, అలా కొంచెం కొంచెంగా పంపండి అని చెప్పింది. వాళ్ల నాయన ఇప్పుడు ఎప్పుడొస్తాడో చెప్పి మరీ వెళ్తాడు.

మొన్న మళ్లీ వాయుగుండం అన్నారు. కరెంటు పోయింది, మా ఆయన గుంటల దగ్గరికి పరుగెత్తాడు, బిడ్డ వాంతి చేసుకుంది, పాత రోజులన్నీ తిరిగొచ్చాయనుకున్నాను. భయపడకు అనబోయి నాలుక కరుచుకున్నాను. బిడ్డే వచ్చి నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుంది.

"యేసయ్యా, నాకు భయంగా ఉండాది. అమ్మక్కూడా భయంగా ఉండాది. మా చేతులు పట్టుకో."

దేవునికే మహిమ! మీ ఇంట్లోనూ ఇలాంటి బిడ్డ ఉంటే, భయం పోయాక తీసుకొద్దామని ఆగకండి. వణుకుతున్న చేతితోనే ఆయన దగ్గరికి తీసుకురండి, మీ చెయ్యి కూడా చాపండి. ఆమేన్.